ముంచుడుబండ

సోమవారం సారు చూడ్డానికి వస్తున్నాడని మాత్రమే మా అమ్మకు చెప్పాను. ఊట కడగమని చెప్పలేదు. బొక్కలు తోమమని అసలే చెప్పలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా వాడలో ఎవరూ నమ్మరు. "నువ్వు చెప్పకుంట మారెమ్మ చేస్తదా?" అంటారు. మా అమ్మను వాళ్ళు నాకంటే ఎక్కువ కాలం నుంచి చూస్తున్నారు, అయినా ఆ మాటే అంటారు.

నా పేరు ఎస్తేరు. నల్లగొండ డిపోలో కండక్టర్‌ని. నా గొంతు బస్సు ముందు డోరు నుంచి వెనక సీటు దాకా మైకు లేకుండానే వినపడుతుంది. ఆడవాళ్ళకు టికెట్ ఫ్రీ అయినప్పటి నుంచి ఆధార్ కార్డు చూపించమంటే నా మీద ఎగిరేవాళ్ళు ఎక్కువయ్యారు, నేను తిరిగి ఎగరడమూ ఎక్కువైంది. అంత నోరు మా అమ్మ మారెమ్మ ముందు పనిచేయదు. ఆమె గొంతు పెంచదు. తాను చేయాలనుకున్నది చేసుకుపోతుంది.

మా ఊరు నెమలిబండ. కట్టంగూర్ దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. ఊరికి ఒక చివర గుట్ట, గుట్ట కింద మా వాడ. రెండు పెద్ద బండల సందులోంచి నీళ్ళు ఊరి, ఛాతీ లోతు గుంతలో నిలుస్తాయి. గుంత చుట్టూ మా పెద్దవాళ్ళు రాళ్ళు పేర్చారు. ముందు వైపు వెడల్పుగా ఒక బండ పరిచారు. ఆ బండ మీద నిలబడి, వంగి బిందె ముంచుకోవాలి. దాన్ని ముంచుడుబండ అంటాం.

ఊరి బావిలో మా వాళ్ళను చేద వేయనియ్యని రోజుల్లో ఈ ఊటే మా బావి. తర్వాత ఊళ్ళో బోర్లు పడ్డాయి. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడు. ఊళ్ళో నా ఈడు వాళ్ళ పండ్లు పసుప్పచ్చగా గారపట్టాయి, మా అమ్మ ఈడు వాళ్ళ మోకాళ్ళు వంగిపోయాయి. మా అమ్మ మాత్రం ఇప్పటికీ నెత్తి మీద బిందె, చంకలో బిందె పెట్టుకుని నిటారుగా నడుస్తుంది. మా వాడలో ముసలివాళ్ళందరూ అంతే. మరి ఊరివాళ్ళు మా ఊట నీళ్ళు ఎందుకు తాగలేదని నన్ను అడగొద్దు. నాకు కోపం వస్తుంది.

ఆ ఊటలో రాకాసి బొక్కలు, అంటే రాక్షసి ఎముకలు, ఉంటాయి. ఏటా ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారానికి వారం ముందు ఆడవాళ్ళమంతా నీళ్ళు తోడేసి, గుంతలోకి దిగి పూడిక తీస్తాం. అడుగున నల్లగా, రాయంత బరువుగా బొక్కలు తగులుతాయి. చెప్పంత పొడుగు పండ్లు ఉంటాయి. ఆకు లాగా మొన తేలిన రాళ్ళు ఉంటాయి. అవన్నీ పక్కన పెట్టి, పని అయ్యాక మళ్ళీ అడుగున పరుస్తాం. వాటి మీంచి ఊరితే నీళ్ళు తేటగా ఉంటాయని నమ్మకం. ఒక్క ముక్క కూడా ఇంటికి తేకూడదు. మేం దేవుణ్ణి మార్చుకున్నాం కానీ ఈ పద్ధతి మార్చుకోలేదు. పండ్లు రాక ఏడ్చే పసిపిల్లలకు ఆ రాకాసి పన్నుతో చిగుళ్ళు రుద్ది మళ్ళీ నీళ్ళల్లో వేస్తాం. నాకూ రుద్దారట. నా నోరు ఇట్లా తయారైంది అందుకేనని మా ఆయన జాషువా అంటాడు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ గుట్టను కంకర కొట్టే క్రషర్ కోసం లీజుకు ఇస్తున్నారు.

లీజు అడిగింది మా ఊరి అంజయ్యే. రోడ్డు పనులు చేసే కాంట్రాక్టరు. గ్రామసభ పెట్టారు. ఆఫీసు నుంచి వచ్చిన ఆయన కాగితం చూసి, గుట్ట, దాని కింది జాగా మొత్తం రికార్డులో 'బండరాళ్ళ పోరంబోకు' అని ఉందని, ఊట అనే మాట ఎక్కడా లేదని చెప్పాడు.

"గీడ నీళ్ళున్నయి సారూ, మేం తాగుతున్నం" అంది అమ్మ లేచి.

"ఇంటింటికి నల్లాలు రాలేదానే మారెమ్మా?" అన్నాడు అంజయ్య నవ్వుతూ. "కృష్ణ నీళ్ళు వస్తున్నయి. ఇంకా గా గుంతల నీళ్ళు ఎవలు తాగుతరు?"

"నల్లా వస్తది పటేలా, రాదు. మా ఊట ఎన్నడన్న రాకుంటున్నదా?"

 క్రషర్ వస్తే పని దొరుకుతుందని ఊళ్ళో చాలామంది చేతులెత్తారు. అభ్యంతరాలు ఉంటే నెలాఖరులోగా ఆధారాలతో ఇవ్వమని చెప్పి ఆఫీసాయన జీపెక్కాడు. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. పొద్దున లేచి ఎప్పటిలాగే బిందెలు తీసుకుని ఊటకు పోయింది. వెనక నుంచి ఆమెను చూస్తూ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ ఊట పోతే ఈ మనిషి బతకదని కాదు, బతుకుతుంది, కానీ బిందె పట్టుకుని ఎవరి గుమ్మం ముందో నిలబడి బతుకుతుంది. నేను అది చూడలేను.

ఆధారం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే, నల్లగొండ మ్యూజియంలో అద్దాల పెట్టెలో చూసిన ఒక పన్ను గుర్తొచ్చింది. డ్యూటీ లేని రోజు పోయి మళ్ళీ చూశాను. అచ్చం మా రాకాసి పన్నే. దాని కింద, వేల ఏండ్ల కిందటి జంతువుదని రాసి ఉంది. అక్కడున్న పురావస్తు శాఖ ఆఫీసరుకు నా ఫోన్లో ఉన్న ఫొటోలు చూపించాను. ఆయన పేరు మురళీమోహన్. నారాయణపేట మనిషి, నేత నేసే కుటుంబం, సన్నగా, నెమ్మదిగా మాట్లాడతాడు. ఫొటోలు చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడ మేడం ఇది?"

చెప్పాను. క్రషర్ సంగతీ చెప్పాను. జంతువుల ఎముకలూ, మనుషులు చెక్కిన రాతి పనిముట్లూ ఒకేచోట, నేలలో, ఉన్నవి ఉన్నట్టు కనపడితే తాను రిపోర్టు రాయగలనన్నాడు. ఆ రిపోర్టు ముందు పెడితే లీజు ముందుకు పోదన్నాడు. సోమవారం వస్తానన్నాడు. శనివారం డ్యూటీకి పోతూ అమ్మతో "సోమవారం సారు వస్తుండు, మన ఊట బొక్కలు చూస్తడట" అని చెప్పాను. ఆదివారం నాకు నైట్ అవుట్, రాత్రి బస్సుతో బయటి ఊళ్ళోనే ఉండాలి. సోమవారం పొద్దున బస్సు దిగి, సారును ఆయన జీపులోనే వెంటపెట్టుకుని వచ్చాను.

వాడ మొదట్లోనే పుల్లమ్మ ఎదురొచ్చింది. పుల్లమ్మ మా పక్కింటామె, పని దొరికితే ఆగదు. "రా సారూ, అంతా తయారున్నది" అని మమ్మల్ని చర్చి వరండాకు తీసుకుపోయింది.

వరండాలో తెల్లటి దుప్పటి పరిచి ఉంది. దాని మీద బొక్కలు, పండ్లు, రాళ్ళు. పెద్దవి వెనక, చిన్నవి ముందు, పెండ్లి పందిట్లో సారె పరిచినట్టు పరిచారు. చింతపండు, బూడిద వేసి తోమారు. కొన్ని మెరుస్తున్నాయి. నాలుగు మూలలా మోదుగ పూలు పెట్టారు. మా అమ్మ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను మా పెండ్లిలో కూడా చూడలేదు.

"ఊట గూడ కడిగినం సారూ" అంది. "మట్టల ఆదివారం ముందర కడగాలె, మీరొస్తున్నరని ముందే కడిగినం. అడుగు బండ దాక కడిగినం. ఒక్క ముక్క వదలలే."

మురళీమోహన్ సారు చెప్పులు విడిచి వరండా ఎక్కాడు. దుప్పటి ముందు కూర్చున్నాడు. ఒక పన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.  సారు ఏం చూడాలని వచ్చాడో నాకు తెలుసు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే మా ఆడవాళ్ళు ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. రెండూ తెలిసి, ఒక దానితో ఒకటి కలిపి చూసుకోలేదు.

"ఏమాయె సారూ, మంచిగ లేవా?" అని అడిగింది అమ్మ.

"చాలా మంచిగున్నయి అవ్వా. ఇట్లాంటివి నేను ఇంత దగ్గర చూసింది తక్కువ." ఆయన ఆ పన్ను దుప్పటి మీద పెట్టాడు. "మా నాయిన గండయ్య ఇప్పటికీ మగ్గం నేస్తడు. మగ్గం మీదున్న చీర నుంచి దారాలన్నీ పీకి, ఉతికి, ఉండ చుట్టి ఇచ్చి, అంచు ఎట్లుండెనో చెప్పమంటే మా నాయినకు గూడ రాదు. ఈ పన్ను పక్కన ఏ రాయి ఉండెనో, ఏది పైన ఉండెనో, ఏది కింద ఉండెనో నేను చూడాలె. మీరు ఏటా తీసి మళ్ళీ పరుస్తున్నరు. ఎవరన్నా ఎక్కడి నుంచో తెచ్చి వేసిన్రంటే నా దగ్గర జవాబు లేదు."

అమ్మ ముఖం చూడలేక నేను పుల్లమ్మ మీద పడ్డాను. "ఎవరు తోమమన్నరే మిమ్మల్ని? గిన్నెలనుకున్నరా గివి?" అని అరిచాను. పుల్లమ్మ ఏడ్చింది. మా అమ్మ నా వైపు తిరిగి "ఆమెనెందుకు అంటవు? తోమింది నేను" అంది. అంతే. 

సారు పోలేదు. ఊట దగ్గరికి పోయి, గుంత చుట్టూ తిరిగి, వంగి చూసి వచ్చాడు. తనకు తవ్వే పర్మిషన్ లేదని, అడిగితే వచ్చేసరికి నెలలు గడుస్తాయని చెప్పాడు. "కానీ మీ ఊట మీరు కడుక్కుంటే ఎవరూ కాదనలేరు. మీరు కడుగుతుంటే పక్కన నిలబడి చూసుడుకు నాకు పర్మిషన్ అక్కర లేదు. ఇంతకుముందు ఎవరి చెయ్యి పడని జాగా ఒక్కటి ఉంటే చెప్పండి."

 పుల్లమ్మ చూపు ముంచుడుబండ మీద పడి, చటుక్కున పక్కకు తిరిగింది. అది సారు చూశాడు, నేను చూశాను, మా అమ్మా చూసింది.

"బండ ముట్టద్దు" అంది అమ్మ. చీర కొంగు నడుముకు దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో యుద్ధమే జరిగింది. యుద్ధమంటే నేనొక్కదాన్నే అరవడం, అమ్మ బియ్యం ఏరడం. చివరికి చాట పక్కన పెట్టి చెప్పింది.

"మా అత్త ఉన్నప్పుడు ఒక ఏడు ఆ బండ కదిలింది. పెద్ద వాన కొట్టి కింద మట్టి జారింది. ఇగ నీళ్ళు నిలువలే. కిందికెల్లి కిందికే పోయినయి. బండ లేపకుంటనే చుట్టూ రేగడి కూరితె, వానకాలానికి గని మళ్ళ నిలువలే. ఎండాకాలమంత నేను, మా అత్త కుండలు పట్టుకొని ఊరి బావికాడ నిలబడ్డం. మమ్ముల చేద వెయ్యనిస్తరా? ఎవలన్న వచ్చి తోడి, ఎత్తునుంచి పొయ్యాలె. పోసేటోళ్ళకు బుద్ధి పుట్టేదాక నిలబడాలె. నువ్వు నా కడుపుల ఉన్నవు అప్పుడు." ఆమె నా కళ్ళలోకి చూసింది. "గది నీకు చెప్పలే ఇన్ని రోజులు. చెప్పుడెందుకనుకున్న."

నాకు కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆమె పక్కన కూర్చున్నాను. అయినా చెప్పాల్సింది చెప్పాను.

"అమ్మా, క్రషర్ వస్తే బండ ఒక్కటే కాదు, గుట్టే ఉండది. నీళ్ళూరే కండ్లు ఎక్కడున్నయో గూడ తెల్వది. బండ లేపితే నీళ్ళు పోతయేమో. లేపకుంటె పోవుడు ఖాయం."

అమ్మ మళ్ళీ చాట తీసుకుంది.  పొద్దున నేను డ్యూటీ బట్టలు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చింది.

"శుక్రారం పెట్టుకుందాం. సారును పిలువు. రేగడి మట్టి తెచ్చి తడిపి పెట్టుమను జాషువాను. బండ నేను లేపుమన్నప్పుడు లేవాలె, దింపుమన్నప్పుడు దిగాలె. నడుమల నీ గొంతు వినపడద్దు."

శుక్రవారం పొద్దెక్కకముందే వాడంతా ఊట దగ్గర ఉంది. నేను లీవు పెట్టాను. ఆడవాళ్ళందరికీ బస్సులో చెప్పినట్టు గట్టిగా చెప్పాను: చేతికి ఏది తగిలినా తీయొద్దు, తుడవొద్దు, తగిలిందని మాత్రం అరవాలి. చెప్పడం తేలికే. ఏండ్లకేండ్లు బురదలోంచి బొక్క తగలగానే పైకి లాగి కడిగిన చేతులవి. పుల్లమ్మ తన రెండు చేతులూ వెనక్కి పెట్టి కొంగుతో కట్టించుకుంటానంది. నవ్వొచ్చింది కానీ ఆమె నిజంగానే అంది.

నీళ్ళు తోడడం మొదలుపెట్టాం. బొక్కెనలు చేతులు మారుతూ పోయాయి. నీళ్ళు బండ అంచు కిందికి దిగాక అమ్మ తల ఊపింది. జాషువా, ఇంకొందరు మగవాళ్ళు గడ్డపారలు పెట్టి బండను లేపారు. అది కదలదేమో అనుకున్నాను. కదిలింది. పక్కకు వాల్చి, కింద మొద్దులు పెట్టి నిలబెట్టారు.

బండ కింద సన్న గులకరాళ్ళ పొర, గట్టిగా అంటుకుపోయి ఉంది. సారు గుంత బయట, దిగువ వైపు మోకాళ్ళ మీద కూర్చుని చిన్న కుంచెతో మట్టి తుడిచాడు. కాసేపటికి ఆయన చెయ్యి ఆగింది.

"ఉంది" అన్నాడు.

వంపు తిరిగిన నల్లటి పన్ను, సగం గులకరాళ్ళలో ఇరుక్కుని ఉంది. దాన్ని ఆనుకునే ఆకు లాంటి రాయి. రెండూ కలిసి ఒకే మట్టిలో గట్టిపడి ఉన్నాయి. ఎవరో తెచ్చి పెట్టారనడానికి ఎవరికీ నోరు రాదు. 

అప్పుడే నీళ్ళు మొదలయ్యాయి. గుంతలోకి ఊరిన నీళ్ళన్నీ బండ లేచిన సందులోంచి, సరిగ్గా ఆ పన్ను మీదుగా కిందికి దుమకసాగాయి. ఎంత తోడినా ఆగలేదు. గులకరాళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి.

"నీళ్ళు ఆపాలె! రెండూ కొట్టుకపోతయి!" అని సారు కేకపెట్టాడు.

రేగడి ముద్దలు వేశాం. వేసినవి వేసినట్టే కరిగి పోయాయి. గోనెసంచి వేస్తే అదీ పక్కకు తోసుకుపోయింది. దాంతోపాటు గుంతలో నీళ్ళ మట్టం కూడా దిగిపోతోంది. మా అమ్మ చూపు పన్ను మీద లేదు, ఆ దిగిపోయే నీళ్ళ మీద ఉంది. "బండ దింపుండ్రి" అంటుందని ఎదురుచూశాను. అంటే దింపాల్సిందే, మాట అట్లా అనుకున్నాం. నా నోరు నేను రెండు చేతులతో మూసుకున్నాను.

ఆమె అనలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి గుంతలోకి దిగింది. సందు దగ్గరికి పోయి, వెనక్కి తిరిగి, బండ ఉన్న జాగాలో కూర్చుంది. వీపు ఊట వైపు, కాళ్ళు అవతలికి, పన్నుకు ఆ పక్కన ఒక పాదం, ఈ పక్కన ఒక పాదం. దుమికే నీళ్ళు ఆమె వీపుకు తగిలి ఆగాయి.

"పుల్లమ్మా, నా పక్కపొంట మట్టి పెట్టు" అంది. "ఊ, కానియ్యి సారూ."

పుల్లమ్మ ఏడుస్తూనే ఆమె నడుము చుట్టూ, తొడల కింద రేగడి మట్టి మెత్తింది. నీళ్ళు నిలిచాయి. సారు నలుపు తెలుపు గళ్ళ కొలతబద్ద పన్ను పక్కన పెట్టి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. కొలిచాడు, రాసుకున్నాడు, మళ్ళీ తీశాడు.  అమ్మ వీపు వెనక నీళ్ళు నడుము దాటి ఎక్కుతున్నాయి. ఆ ఊట నీళ్ళు మండుటెండలో కూడా చల్లగా ఉంటాయి. ఆమె దవడలు కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, లే. నేను కూసుంట" అన్నాను.

"నువ్వు సన్నగున్నవు. నీళ్ళాగయి."

అప్పుడు బండి చప్పుడైంది. అంజయ్య వచ్చి, దిగకుండానే ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. "లీజు జాగాల తవ్వుతున్రా? కేసైతది తెలుసా?"

నడుమ నా గొంతు వినపడొద్దని అమ్మ చెప్పింది. కానీ ఇది వేరే. "తియ్యి అంజన్నా, మంచిగ తియ్యి" అన్నాను, గుట్ట అవతలికి వినపడేలా. "మా ఊట మేం కడుగుతున్నం. మా నాయినమ్మల కాడికెల్లి కడుగుతున్నం. గా కూసున్నది మా అమ్మ, ఆమె మొఖం గూడ రావాలె నీ వీడియోల. కింద మా చెప్పులున్నయి, జర చూసి దిగు." అంజయ్య ఇంకాసేపు తీసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అయినా పోలేదు. మా అమ్మ వైపే చూస్తూ బండి మీద కూర్చున్నాడు.

"సారూ, గా పన్ను ఏం జంతువుది?" అని అడిగింది అమ్మ, వణుకు దాచుకోవడానికి కావచ్చు.

"నీటిగుర్రందవ్వా."

"గుర్రందా?"

"గుర్రం కాదు. నీళ్ళల్ల మునిగుండే జంతువు, దున్నపోతు కంటే పెద్దది. ఇప్పుడు మన దేశంల జూలల్ల తప్ప లేదు. అప్పుడు ఈడ ఉండె."

"మరి రాయి?"

"మనిషి చెక్కింది. దీన్ని చేతిగొడ్డలి అంటం."

"గా మనిషి గీడికెందుకొచ్చిండు?"

సారు కెమెరా దించాడు. "నీళ్ళకే వచ్చి ఉంటడవ్వా."

"గంతే గద" అంది అమ్మ.

పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. సారు పని ముగించి, పన్ను మీద, రాయి మీద గుడ్డ కప్పి, పైన ఇసుక పోశాడు. ఇప్పుడు బండ దిగాలి. అమ్మ లేచిన మరుక్షణం నీళ్ళు దుముకుతాయి, కాబట్టి ఆమె లేవడమూ బండ దిగడమూ ఒకేసారి జరగాలి. జాషువా గడ్డపార పట్టుకుని ఏడుపు ముఖం పెట్టాడు. బండ ఒక్క జానెడు ముందు దిగితే అమ్మ నడుము విరుగుతుంది.

"భయపడకు బిడ్డా, నేను చెప్తగద" అంది అమ్మ అల్లుడితో. రెండు చేతులు చాచింది. ఒకటి నేను, ఒకటి పుల్లమ్మ పట్టుకున్నాం. "దింపుండ్రి!"

లాగాం. ఆమె కాళ్ళు మొద్దుబారి కదల్లేదు. మొత్తం బరువంతా మా మీద పడి ముగ్గురం బురదలో పడ్డాం. వెనక దబ్బుమని చప్పుడైంది. బండ తన జాగాలో పడింది. మగవాళ్ళు చుట్టూ రేగడి కూరుతున్నారు. అమ్మ బురదలో పడుకునే తల తిప్పి గుంత వైపు చూస్తోంది.

నీళ్ళు నిలుస్తాయా లేదా అన్నది ఎవరికీ తెలియదు. పిల్లల్ని కూడా మాట్లాడనివ్వలేదు. నేను అమ్మ అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాను. బురద నీళ్ళు మెల్లగా ఎక్కాయి. రాళ్ళ వరస మీద వరస మునుగుతూ వచ్చింది. ఒకచోట ఆగినట్టే అనిపించింది. నేను దేవుణ్ణి తిట్టాను, వెంటనే క్షమించమన్నాను. తర్వాత నీళ్ళు బండ అంచుకు వచ్చి, అక్కడ నిలిచి, ఎప్పటిలాగే ఒక పక్క నుంచి సన్నగా పొర్లాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బస్సులో నన్ను చూసి భయపడేవాళ్ళెవరైనా అప్పుడు చూసి ఉంటే గుర్తుపట్టేవాళ్ళు కాదు.

అమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానకు రానంది, మిరియాల చారు తాగి, దుప్పటి కప్పుకుని పడుకుంది. తగ్గింది. సారు రిపోర్టు పంపాడు. ఫొటోల్లో పన్నుకు అటూ ఇటూ ముసలి పాదాలు కనపడుతున్నాయని, అవి లేని ఫొటోలు పంపమని పైనుంచి ఎవరో అడిగారట. "ఆ కాళ్ళు తీస్తే ఫొటోనే ఉండదు సార్ అని చెప్పిన" అన్నాడు నాతో ఫోన్లో. నెలాఖరుకు ముందే లీజు ఆగిపోయింది.

ఆర్డరును పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. వాడంతా పోయాం. నేనే పైకి చదివాను. నెమలిబండ గుట్ట కింద అతి ప్రాచీన జంతువుల, మానవుల ఆనవాళ్ళు దొరికినందున ఆ స్థలంలో క్వారీ పనులు చేయరాదు. ఆ స్థలంలో ఎవరూ తవ్వరాదు, దేనినీ కదిలించరాదు, తీసుకుపోరాదు. ఉల్లంఘించిన వారిపై చర్య తీసుకోబడును.

చప్పట్లు కొట్టారు. పుల్లమ్మ నన్ను వాటేసుకుంది.

"నీళ్ళ సంగతేం రాసిన్రు?" అని అడిగింది అమ్మ.

మళ్ళీ చదివాను, ఈసారి లోపల. జంతువులు ఉన్నాయి, రాళ్ళు ఉన్నాయి, సర్వే నంబరు ఉంది. నీళ్ళు లేవు. ఊట అనే మాటే లేదు. మేం లేము.

అంజయ్య అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "చదివినవు గద" అన్నాడు. "ఏదీ తీసుకపోవద్దు. నేను ముట్టద్దు సరే, ఇగ మీరు గూడ ముట్టద్దు. నీళ్ళు గూడ గా మాట కిందికే వచ్చె."

 అక్కడికక్కడే సారుకు ఫోన్ చేసి మీద పడ్డాను. ఆయన అంతా విన్నాడు. "నేను రాసిన మేడం. వాడవాళ్ళ తాగునీళ్ళ ఊట అని, ఏటా వాళ్ళే కడిగి కాపాడుతున్నరని మొదటి పేజీలనే రాసిన. ఆర్డరు తయారుచేసినకాడ అది పోయింది. మళ్ళీ పంపుత. టైం పడుతది."

ఫోన్ పెట్టి అమ్మకు చెప్పాను. ఆమె తల ఊపి, గోడ మీది కాగితాన్ని ఒకసారి చూసి, ఇంటి దారి పట్టింది. మేమంతా వెనకే పోయాం, అంజయ్య కూడా లేచి కొంతదూరం వచ్చాడు. ఇంట్లోకి పోయి రెండు బిందెలతో బయటికి వచ్చింది.

"ఏడికే అమ్మా?"

"నీళ్ళకు."

"ఆర్డరు విన్నవు గద మారెమ్మా" అన్నాడు అంజయ్య.

మా అమ్మ ఒక బిందె నెత్తికెత్తుకుంది, రెండోది చంకలో పెట్టుకుంది.

"విన్న పటేలా. మా నీళ్ళు గా కాయితంల రాయలేదట. మళ్ళీ రాస్తరట, రాయనియ్యి. వాళ్ళు రాసేదాక నేను ముంచుకుంటనే ఉంట."